పక్కవాద్యమా, వంతా?

సందేహం: ఇంగ్లండ్ జాజ్ పియానిస్టు స్టాన్ ట్రేసీ మీద వ్యాసం రాస్తున్నాను. ‘సోనీ రోలిన్స్ లాంటి అమెరికన్ శాక్సఫోన్ విద్వాంసులకు లండన్ క్లబ్బులో వంత వాయించాడు’ అని రాశాను. మా మిత్రుడు ‘వంత’ తప్పు, ‘సహవాద్యకారుడు’ అనాలన్నాడు. ‘పక్కవాద్యం’ అందామంటే సమాసం చెల్లదేమోనని అనుమానం. ఏది సరైనదండీ?

సమాధానం: ముందు సమాసం సంగతి. ‘పక్క’ తద్భవం, ‘వాద్యం’ తత్సమం. రెండూ కలిస్తే మిశ్ర సమాసం. సమాసాలు సాంస్కృతికం, ఆచ్ఛికం, మిశ్రమం అని మూడు రకాలని చిన్నయసూరే చెప్పాడు కాబట్టి దిగులు అక్కర్లేదు. ‘సహవాద్యకారుడు’ తప్పని అనను. అయితే కచేరీ నుంచి ఇంటికొస్తున్నవాళ్లు ‘ఇవాళ పక్కవాద్యాలు బాగా కుదిరాయి’ అనుకోవడమే విన్నాను గాని, ‘సహవాద్యకారులు బాగా వాయించారు’ అనుకోవడం వినలేదు.

ఇక ‘వంత’. నిజానికి ఇది గౌరవమైన మాట. బుర్రకథలో కథకుడు తంబుర మీటుతూ, వేళ్లకున్న అందెలు మోగిస్తూ కథ నడుపుతుంటే, అటూ ఇటూ గుమ్మెటలు పట్టుకుని నిలబడ్డ ఇద్దరూ వంతలే. ‘తందాన తాన’ అని అందుకోవడంతో వాళ్ల పని అయిపోదు. ఒకరు హాస్యం పండిస్తారు. ఇంకొకరు కథ మధ్యలో ఆపి నేటి రాజకీయం మీద ప్రశ్న వేస్తారు. కానీ వాడుకలో ‘వంత పాడటం’ అంటే ఎదుటివాడు ఏమన్నా తలూపడం అనే అర్థం స్థిరపడిపోయింది. మీ వాక్యం చదివినవాడికి ముందు తట్టేది అదే. ట్రేసీకి అది అన్యాయం.

ఎందుకంటే ఆయన తలూపే రకం కాదు. అప్పట్లో బ్రిటన్, అమెరికా సంగీతకారుల యూనియన్ల మధ్య ఇచ్చిపుచ్చుకునే నిబంధన ఉండేది. అక్కడి నుంచి ఒకరు రావాలంటే ఇక్కడి నుంచి ఒకరు వెళ్లాలి. అందుకే అమెరికన్ విద్వాంసులు తమ బృందాలు లేకుండా ఒంటరిగా వచ్చేవారు. పియానో, బేస్, డ్రమ్స్ లండన్ వాళ్లవే. సోహోలో, జెరార్డ్ వీధిలోని ఒక నేలమాళిగలో 1959లో మొదలైన రోనీ స్కాట్ క్లబ్బులో 1960 నుంచి దాదాపు ఏడేళ్లు ఆ పియానో ముందు కూర్చున్నది ట్రేసీ. 1961లో అమెరికన్ శాక్సఫోన్ విద్వాంసుడు జూట్ సిమ్స్‌తో మొదలుపెట్టి ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. ఒక్కొక్కరిది ఒక్కో బాణీ, ఒక్కో వేగం. ట్రేసీకి అమెరికన్ జాజ్ పియానిస్టులు డ్యూక్ ఎలింగ్టన్, థెలోనియస్ మంక్ అంటే ప్రాణం. శాక్సఫోన్ కింద మెత్తగా పరుపు పరవకుండా, గరుకైన స్వరాల గుత్తులను అనుకోని చోట ఠక్కున వేసేవాడు. వచ్చినవాళ్లలో కొందరికి అది రుచించలేదు. రోలిన్స్ మాత్రం ఇతనెంత గొప్పవాడో ఇక్కడ ఎవరికైనా తెలుసా అని అడిగాడు.

మీరు అడగకపోయినా ఇంకో మాట. క్లబ్బు జీతమిచ్చి పెట్టుకున్న పియానిస్టును ‘ఆస్థాన పియానిస్టు’ అని రాయాలనిపిస్తుంది. వద్దు. ఆ మాటలో శాలువాలూ సన్మానాలూ ఉన్నాయి. ‘కొలువు’ వాడండి. రాజుగారి సభా కొలువే, నెల జీతం ఉద్యోగమూ కొలువే. ట్రేసీకి రెండూ వర్తిస్తాయి. రాత్రి తర్వాత రాత్రి పనిచేసిన ఉద్యోగి ఆయన. 1970లలో అవకాశాలు తగ్గిపోయి పోస్ట్‌మ్యాన్ ఉద్యోగంలో చేరదామా అని ఆలోచించిన మనిషి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ‘పక్కవాద్యం’ ఆ ఏడేళ్లలో ఆయన చేసిన పనికి సరిపోతుంది, మొత్తం మనిషికి సరిపోదు. ఆ కొలువులో ఉండగానే, 1965లో, వేల్స్ కవి డిలన్ థామస్ రేడియో నాటకం ‘అండర్ మిల్క్ వుడ్’ స్ఫూర్తితో సొంత రచనలు రికార్డు చేశాడు. అందులో శాక్సఫోన్ వాయించిన బాబీ వెలిన్స్‌దే ట్రేసీకి పక్కన ఉండే స్థానం! మన ద్వారం వెంకటస్వామి నాయుడుగారూ పక్కవాద్యంగానూ వాయించారు, తానే ప్రధానమై కచేరీలూ చేశారు. ఆయన్ని ఎవరైనా ‘వయొలిన్ విద్వాంసుడు’ అంటారు గాని ‘పక్కవాద్యకారుడు’ అని పరిచయం చేయరు కదా.

కాబట్టి మీ వాక్యాన్ని ఇలా మార్చుకోవచ్చు: ‘పియానో విద్వాంసుడు స్టాన్ ట్రేసీ 1960 నుంచి లండన్‌లోని రోనీ స్కాట్ క్లబ్బులో కొలువు చేస్తూ, సోనీ రోలిన్స్ లాంటి అమెరికన్ అతిథులకు పక్కవాద్యం వాయించాడు.’