ఎమ్మెల్యే గారి నోటుకు పెద్దమ్మ సలహాలు

చి. కిట్టుకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. "మళ్లీ మహమ్మారి వస్తే పరీక్ష కిట్లు మన దగ్గరే తయారు కావాలి" అని మీ ఎమ్మెల్యే గారు అసెంబ్లీలో మాట్లాడతారట, దానికి రెండు పేజీల నోటు నువ్వు రాయాలట, ముప్పై ఏళ్లు ల్యాబ్‌లో పనిచేసిన పెద్దమ్మ ఉండగా గూగుల్ ఎందుకట. ఆ ఆఫీసులో చేరి ఆరు నెలలైనా కాలేదు, కాకా పట్టడం బాగానే వచ్చింది. ఫోన్లో చెబితే సగం వింటావు, సగం మర్చిపోతావు. అందుకే రాసి పంపుతున్నాను.

2020లో కరోనా వచ్చినప్పుడు మనింట్లో నీ పేరు మీద ఎన్ని నవ్వులో గుర్తుందా? "కిట్లు వచ్చాయా, కిట్లు వచ్చాయా" అని నేను ఫోన్లో అరుస్తుంటే మీ అమ్మమ్మ "కిట్టుగాడు వచ్చాడా?" అంటూ వీధి తలుపు తీసేది. ఆవిడ పొరపాటు సరే. టీవీలో మాట్లాడిన పెద్దవాళ్లు కూడా అంతకన్నా మెరుగేం కాదు. అందుకని నా మొదటి మాట ఇది. నోటులో "కిట్" అనే మాటను ఒంటరిగా ఎక్కడా రాయకు.

ఒక్క ఆర్టీపీసీఆర్ పరీక్ష జరగాలంటే ముందు ముక్కులో పెట్టే పుల్ల కావాలి. ఆ పుల్లను వేసి పంపడానికి గులాబీ రంగు ద్రవం ఉన్న ట్యూబు కావాలి, దాన్ని మేం వీటీఎం అంటాం. ల్యాబ్‌కు చేరాక అందులోంచి ఆర్‌ఎన్‌ఏ, అంటే వైరస్ జన్యు పదార్థం, తీసే కిట్ ఒకటి. తీసిన దాంట్లో వైరస్ ఉందో లేదో తేల్చే పీసీఆర్ కిట్ ఇంకొకటి. ఇవి కాక ఫిల్టర్ టిప్పులు, ప్లేట్లు, లక్షలు పోసి కొన్న మెషీన్. వీటిలో ఏది లేకపోయినా ఆ పూట పరీక్ష లేదు. మాకు ఒకసారి పీసీఆర్ కిట్లు ఫ్రీజర్ నిండా ఉన్నాయి, ఆర్‌ఎన్‌ఏ తీసే కిట్లు మాత్రం అయిపోయాయి. రెండు రోజులు చేతులు కట్టుకుని కూర్చున్నాం. పైకి వెళ్లిన రిపోర్టులో మాత్రం "కిట్ల కొరత లేదు" అనే ఉంది. అబద్ధం కాదు మరి, కిట్లు ఉన్నాయిగా!

ఇవన్నీ ఒక జాతి. వేలి మీద గుచ్చి రక్తం చుక్క వేసి, జబ్బుతో పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలను వెతికే ర్యాపిడ్ యాంటీబాడీ కిట్ వేరే జాతి. ముక్కులోంచి తీసి, వైరస్ ముక్కల కోసం పావుగంటలో గీతలు చూసే యాంటిజెన్ కిట్ మరో జాతి. ఈ మూడింటి ధరలూ కలగలిపి ఒకరి మీద ఒకరు కేకలేసుకున్న రోజులు నేను టీవీలో చూశాను. నువ్వు మాత్రం మీ సార్ చేత ఆ పని చేయించకు.

రెండోది, ధర రాసిన ప్రతి చోటా పక్కనే తారీఖు రాయి. మన ఆంధ్రప్రదేశ్ గొడవే తీసుకో, ఎలాగూ అవతలి బెంచీల వాళ్లు అది ఎత్తుతారు. 2020 ఏప్రిల్‌లో దక్షిణ కొరియా నుంచి లక్ష ర్యాపిడ్ యాంటీబాడీ కిట్లు ప్రత్యేక విమానంలో వచ్చాయి. ఒక్కోటి 730 రూపాయలు. అదే సమయంలో ఛత్తీస్‌గఢ్ ఆరోగ్య మంత్రి టీఎస్ సింగ్‌దేవ్ తమకు 337కే వస్తున్నాయని, జీఎస్టీ అదనమని, ట్విట్టర్‌లో పెట్టారు. ఇక చూడు. టీడీపీ, బీజేపీ రెండూ అప్పటి జగన్ ప్రభుత్వం మీద పడ్డాయి. మేం ఆర్డర్ ఇచ్చేనాటికి ఇక్కడ తయారీకి అనుమతే రాలేదని ప్రభుత్వం జవాబిచ్చింది. ఇంకెవరికైనా తక్కువకు ఇస్తే మాకూ ఆ ధరకే ఇవ్వాలని ఆర్డర్లోనే షరతు పెట్టామని, ఆ తక్కువ ధరే చెల్లిస్తామని కూడా చెప్పింది. ఆ షరతు రాసిన సెక్షన్ ఆఫీసరెవరో గానీ, ఎవరూ ఆయనకు శాలువా కప్పినట్టు లేదు.

ఇందులో నీ నోటుకు పనికొచ్చే అసలు సంగతి గొడవలో లేదు. ఛత్తీస్‌గఢ్‌కు వచ్చిన కిట్లు హర్యానాలోని మానేసర్‌లో తయారైనవి. కంపెనీ మాత్రం ఆ కొరియా కంపెనీయే, ఎస్‌డీ బయోసెన్సర్. కాబట్టి కొరియా కంపెనీ హర్యానాలో చేస్తే అది మన సరుకా, బయటి సరుకా? "స్వదేశీ" అని మీ సార్ బల్ల గుద్దబోయే ముందు ఈ ప్రశ్నకు జవాబు నీ దగ్గర ఉండాలి. నన్నడిగితే గోడౌన్ ఎంత దూరంలో ఉంది, సరిహద్దు మూసేస్తే సరుకు ఆగుతుందా లేదా అన్నదే చూస్తాను. జెండా సంగతి తర్వాత.

చైనా కిట్ల కథ కూడా తప్పకుండా వస్తుంది. కేంద్రం కింద ఉండే వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ తెప్పించిన యాంటీబాడీ కిట్లవి. రాజస్థాన్ వాళ్లు వాడి చూసి 5.4 శాతమే సరిగ్గా చెబుతున్నాయన్నారు. ఏప్రిల్ 21న ఐసీఎంఆర్ రెండు రోజులు ఆపమంది, 27న రెండు కంపెనీల కిట్లు వెనక్కి పంపేయమంది. ఈలోగా మధ్యవర్తులు తమలో తాము కొట్లాడుకుని ఢిల్లీ హైకోర్టుకెక్కితే అసలు లెక్క బయటపడింది. ఇక్కడికి చేరేసరికి 245 పడే కిట్‌ను ప్రభుత్వానికి 600కు అమ్మారట! 400 దాటి అమ్మొద్దని కోర్టు చెప్పింది. కిట్లకు డబ్బు కట్టలేదు, రూపాయి కూడా నష్టం లేదని కేంద్రం ప్రకటించింది. ఇందులో చైనా తప్పు ఎంత, మధ్యలో చేతులు మారిన మనవాళ్ల తప్పు ఎంత, విడివిడిగా రాయి. ఇంకొకటి, జ్వరం వచ్చిన రెండో రోజే యాంటీబాడీలు కనపడవు, ఒంట్లో తయారవడానికి వారం పైనే పడుతుంది. జబ్బును తొలి రోజుల్లోనే పట్టుకోవడానికి ఆ కిట్ ఏ దేశంలో చేసినా పనికిరాదు. ఈ వాక్యం మీ సార్‌కు చప్పట్లు తెచ్చిపెట్టదు, అయినా ఉంచు.

మన తయారీ గురించి గొప్పగా చెప్పుకోవడానికి పుణె కంపెనీ మైల్యాబ్ ఉంది. మొదట్లో ప్రైవేటు కిట్లకు అమెరికా ఎఫ్‌డీఏ గానీ యూరప్ సీఈ గానీ ముద్ర ఉండాలని ఐసీఎంఆర్ పట్టుబట్టింది. మన దగ్గరే వైరాలజీ సంస్థ ఉండగా మన కిట్‌కు విదేశీ ముద్ర ఎందుకని గోల లేచింది. మార్చి 23న మైల్యాబ్ పీసీఆర్ కిట్‌కు ఇక్కడి అనుమతే వచ్చింది. దాన్ని తయారు చేసిన బృందానికి పెద్ద మినల్ దాఖవే భోస్లే అప్పుడు నిండు గర్భిణి. మార్చి 18న కిట్‌ను పరిశీలనకు అప్పగించి, మర్నాడు ఆడపిల్లను కన్నది. బయటి నుంచి వచ్చే కిట్‌తో ఒక్క పరీక్షకు 4,500 అవుతుంటే వాళ్లదానితో 1,200 అన్నారు. ఇది చదివి మా ల్యాబ్‌లో ఆడవాళ్లం ఆ రోజు టీ తాగుతూ ఇంకేం మాట్లాడుకోలేదు. కానీ నువ్వు అక్కడే ఆగిపోకు. ఆ డబ్బా మన దేశానిదే అయినా, అలాంటి కిట్లలో పడే ఎంజైములు, ప్రోబులు, అంటే పరీక్షను నడిపే అసలు దినుసులు, ఆ రోజుల్లో చాలావరకు బయటి నుంచే రావాలి. ఇడ్లీ మన ఇంట్లో వేసినా మినప్పప్పు షాపువాడు తలుపు తీయాలి కదా.

ఇప్పుడు నా సొంత గోడు ఒకటి చెబుతాను. 2020 వానాకాలంలో మాకు ఒక లాట్ పుల్లలు వచ్చాయి. దగ్గర్లోనే తయారైనవి, ఎవరివని అడక్కు. పుల్ల మధ్యలో సన్నటి గాటు ఉంటుంది. ముక్కులోంచి తీసి ట్యూబులో పెట్టి వంచితే అక్కడ టక్కున విరగాలి, మూత బిగుసుకోవాలి. ఆ లాట్‌లో గాటు ఒక వేలి వెడల్పు పైకి పడింది. విరిచినా పుల్ల మూతకు తగిలేది. వంచి బలవంతాన బిగించారు పిల్లలు, పాపం పీపీఈ కిట్‌లో చెమటకు కళ్లే కనపడేవి కావు. ఐస్ బాక్సు తెరిచేసరికి పదకొండు ట్యూబులు కారిపోయి అడుగున గులాబీ మడుగు. ఆ పదకొండు మందినీ మళ్లీ పిలవాలి. ఒక ముసలావిడ "మళ్లీ ముక్కులో పెడతారా, వద్దమ్మా, పాజిటివ్ అనే రాసేసుకోండి" అంది.

తిట్టుకుంటూ కంపెనీకి ఫోన్ చేశాను. మూడో రోజున ఇద్దరు కుర్రాళ్లు బండి మీద వచ్చారు. మా ట్యూబు తీసుకుని స్కేలు పెట్టి కొలుచుకుని, ఫొటోలు తీసుకుని వెళ్లారు. పై వారం వచ్చిన లాట్‌లో గాటు సరిగ్గా ఉంది. అదే పుల్ల చైనా నుంచో ఇటలీ నుంచో వచ్చి ఉంటే ఆ గాటు గురించి నేను ఎవరితో పోట్లాడాలి? కిట్టూ, దగ్గరి తయారీకి నేను ఓటేసేది ఇందుకే. మన సరుకులో తప్పులుండవని కాదు. తప్పు చేసినవాడు మన కేకకు అందుతాడు.

అమెరికాలోనూ పుల్లల మీద ఇదే రాజకీయం నడిచింది. ఆ పుల్లలు చేసేది ప్రధానంగా ఇటలీలో కోపాన్, అమెరికాలోనే మెయిన్ (Maine) అనే రాష్ట్రంలో గిల్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో ప్యూరిటన్. కొరత వస్తే సైనిక విమానంలో ఇటలీ నుంచి తెచ్చుకున్నారు, తర్వాత యుద్ధకాలం చట్టాన్ని వాడి ప్యూరిటన్‌కు డబ్బిచ్చి తయారీ పెంచారు. 2020 జూన్‌లో ట్రంప్ ఆ ఫ్యాక్టరీ చూడటానికి వెళ్తే, ఆ సమయంలో తయారైన పుల్లలు పారేయాల్సి వస్తుందని కంపెనీయే చెప్పింది. మీ సార్‌కు ఎక్కడైనా ఫ్యాక్టరీ సందర్శన పెడితే అద్దం ఇవతల నుంచే ఫొటో తీయించు.

వైద్య పరికరాలు తయారుచేసే మన విశాఖ మెడ్‌టెక్ జోన్ గురించి జాగ్రత్తగా రాయి. 2016లో శంకుస్థాపన, 2018 డిసెంబరులో ప్రారంభం, అప్పుడు చంద్రబాబు ప్రభుత్వం. కరోనా వచ్చి అక్కడ కిట్లు తయారయ్యేనాటికి జగన్ ప్రభుత్వం. మీ సార్‌ది ఏ పార్టీ అయినా ఈ రెండు ప్రభుత్వాల సంగతీ తారీఖులతో నోటులో ఉండాలి. ఒకటి దాస్తే దాన్నే అవతలివాళ్లు చదివి వినిపిస్తారు.

ఆ రోజుల్లో మమ్మల్ని ఆదుకున్నది హడావుడిగా కొన్నవి కావు. టీబీ పరీక్షల కోసం ముందే జిల్లాల్లో ఉన్న ట్రూనాట్ మెషీన్లు. గోవా కంపెనీ మోల్‌బయోవి. జబ్బు మారింది, చిప్ మార్చి వాడుకున్నాం. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ వాళ్లు ఇంకో దారి చూపించారు. పొడి పుల్ల చాలు, వీటీఎం వద్దు, ఆర్‌ఎన్‌ఏ తీసే కిట్ కూడా వద్దన్నారు. 2020 నవంబరులో ఐసీఎంఆర్ సరేనంది. కిట్లు ఎక్కువ తయారు చేయడం ఒక తెలివైతే, అవసరం తగ్గించడం ఇంకో తెలివి.

కాబట్టి మీ సార్ చేత ఫ్యాక్టరీ కావాలని అడిగించకు. ఆర్డర్ అడిగించు. డెంగీకి, టీబీకి మన ఆసుపత్రులు ఏటా కొనే పుల్లలు, ట్యూబులు, కిట్లు ఎన్ని? అందులో దగ్గర్లో తయారైనవి నాణ్యత చూసి ఎన్ని కొంటున్నాం? ఇది ప్రశ్నగా వేస్తే మంత్రి గారు అంకెలతో జవాబు చెప్పాలి. జబ్బు లేని రోజుల్లో ఆర్డర్ లేక షెడ్డుకు తాళం పడితే, జబ్బు వచ్చిన రోజున తాళం తీసేవాడు దొరకడు. మా కుర్రాళ్లు బండి మీద వచ్చిన ఆ యూనిట్‌కు ఇప్పుడు పని లేదని ఈమధ్యే తెలిసింది.

నోటు రెండు పేజీలు దాటనివ్వకు. అంకెలు పెద్ద అక్షరాల్లో వేయించు, ఆయన కళ్లజోడు పెట్టుకోరు.

ఈ ఉత్తరంతో పాటు కవర్లో రెండు పుల్లలు, ఒక ఖాళీ ట్యూబు పెట్టాను, రిటైరైన రోజు బ్యాగులో వచ్చేసినవి. సీలు తీయనివే, భయపడకు. ఒకటి గాటు తప్పిన లాట్‌ది, ఒకటి సరిచేశాక వచ్చింది. రెండూ మీ సార్ చేతికిచ్చి ట్యూబులో పెట్టి విరవమను.

మీ అమ్మను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ