హైదరాబాద్ – దుబాయ్: వెళ్ళడానికి రెండున్నర గంటలు, రావడానికి ఐదు గంటలా?

కంగారు పడకండి సార్, మీ అమ్మగారి టికెట్‌లో తప్పేమీ లేదు. ఉదయం 10:20కి బయల్దేరి 12:50కి దిగుతుందని, తిరుగు ప్రయాణంలో రాత్రి 10కి ఎక్కితే తెల్లవారుజాము 3:05 అవుతుందని, మధ్యలో ఎక్కడైనా ఆగుతుందేమోనని అడిగారు. నాన్‌స్టాప్ అని ఉందన్నారు కాబట్టి ఎక్కడా ఆగదు.

టికెట్ మీద ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. అక్కడి 12:50 అంటే మనకు 2:20, అంటే ప్రయాణం నాలుగు గంటలు. వచ్చేటప్పుడు ఆ ఐదు గంటల ఐదు నిమిషాల్లోంచి గంటన్నర తీసేయండి, 3 గంటల 35 నిమిషాలే.

మిగిలిన 25 నిమిషాల తేడా ఎక్కువగా గాలి వల్లే. పైన గాలులు ఏడాదిలో ఎక్కువ కాలం పడమర నుంచి తూర్పుకి వీస్తాయి, చలికాలంలో మరీ జోరుగా. వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. దూరం సూటిగా చూస్తే సుమారు 2,550 కిలోమీటర్లు. దాన్ని విమానం వేగం గంటకు 850 కిలోమీటర్లతో భాగిస్తే మూడు గంటలే వస్తుంది గానీ, విమానం రన్‌వే దాకా మెల్లగా వెళ్ళడం, పైకి లేవడం, కిందికి దిగడం కూడా టికెట్ టైమ్‌లో కలిపే ఉంటాయి.

తిరుగు ప్రయాణంలో తేదీ మారిపోతుంది, అది మాత్రం మర్చిపోవద్దు. 14న రాత్రి ఎక్కితే శంషాబాద్‌లో దిగేది 15న. క్యాబ్ 15కే బుక్ చేయండి. అమ్మగారి మాత్రలు ఏ టైమ్ ప్రకారం వేసుకోవాలో ముందే డాక్టర్‌ని అడిగి కాగితం మీద రాసివ్వండి.