జట్టు కోసం ఏళ్ల తరబడి ఆడిన బేస్‌బాల్ ఆటగాణ్ణి సీజన్ అయిపోగానే ఎలా వదిలేస్తారు?

మీరు ప్రశ్నలో పేరేమీ రాయలేదు. కానీ న్యూజెర్సీలో న్యూయార్క్ మెట్స్ జట్టు ఆటలు చూసే ఏ ఇంట్లోనైనా ఈ చలికాలం ఈ మాట ఎత్తితే గుర్తొచ్చేది, ఏడేళ్లు మెట్స్‌కి ఆడి వెళ్లిపోయిన పీట్ అలోన్సోనే. కాబట్టి అతని గురించే చెప్తాను.

సూటిగా జవాబు కావాలంటే, వయసు లెక్క. 2025 డిసెంబర్ 7న అతనికి 31 ఏళ్లు నిండాయి. మూడు రోజులకి, డిసెంబర్ 10న, బాల్టిమోర్ ఓరియోల్స్ జట్టుతో ఐదేళ్లకి 15.5 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. అన్నేళ్లు ఇవ్వడానికి మెట్స్ సిద్ధపడలేదు. ఫస్ట్ బేస్‌లో ఆడే భారీ మనిషి, ముప్పై దాటాడు, ముప్పై ఐదొచ్చేసరికి బ్యాట్ నెమ్మదిస్తుంది, ఫీల్డింగ్ ఇప్పటికే అంతంతమాత్రం. వాళ్ల లెక్క ఇదీ. ఆ లెక్క తప్పు. ఎందుకు తప్పో చెప్పాలంటే 2024 అక్టోబర్ 3 రాత్రి మా హాల్లో ఏం జరిగిందో ముందు చెప్పాలి.

ఆ రోజు నవరాత్రుల్లో మొదటి రోజు. మా నాన్న ఉప్పల్ నుంచి ఆరు నెలలకని వచ్చి మా దగ్గర ఉన్నారు. గురువారం, మా చిన్నోడికి మర్నాడు స్కూలు. అయినా పడుకోమని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. మిల్వాకీలో, అక్కడి బ్రూవర్స్ జట్టుతో ప్లేఆఫ్స్ (సీజన్ తర్వాతి నాకౌట్ పోటీలు) మూడో మ్యాచ్, ఓడితే సీజన్ ముగిసినట్టే. మా ఆవిడ పూజ చేసి ప్రసాదం పులిహోర పెడితే, ప్లేట్లు ఒళ్లో పెట్టుకుని టీవీ ముందు కూర్చున్నాం. ఆరు ఇన్నింగ్స్ దాకా ఎవరికీ పరుగు లేదు. ఏడో ఇన్నింగ్స్‌లో బ్రూవర్స్ వాళ్లు వరసగా రెండు హోమ్‌రన్లు (బంతిని గోడ దాటించే, సిక్సర్ లాంటి షాట్లు) కొట్టారు. 2-0. చిన్నోడు సోఫా దిగి నేల మీద కూర్చున్నాడు. మోకాళ్ల మీద గడ్డం ఆనించి, మాట లేదు.

ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌కి బ్రూవర్స్ క్లోజర్, అంటే గెలుపు కాపాడటానికి చివర్లో వచ్చి బంతులు వేసేవాడు, డెవిన్ విలియమ్స్ వచ్చాడు. అతని ఛేంజప్, అంటే వేగం తగ్గించి మోసగించే బంతి, గాల్లోనే మెలి తిరిగి బ్యాట్ కిందికి జారిపోతుంది. నాన్నకి అర్థమయ్యేలా, డెత్ ఓవర్లలో బుమ్రా వచ్చాడనుకోండి అన్నాను. మెట్స్ బ్యాటర్ లిండోర్ ఓపిగ్గా నిలబడి వాక్ తీసుకున్నాడు, అంటే నాలుగు తప్పుడు బంతులకి బేస్ ఊరికే దక్కింది. తర్వాతివాడు అవుట్. నిమో సింగిల్ కొట్టి ఫస్ట్ బేస్ చేరాడు. అప్పుడు అలోన్సో వచ్చాడు. ఆ సీజన్‌తో అతని కాంట్రాక్ట్ అయిపోతోంది. ఇక్కడ అవుటైతే మెట్స్ జెర్సీలో ఇదే అతని ఆఖరి బ్యాటింగ్ కావచ్చని నాకు తెలుసు, చిన్నోడికి కూడా తెలుసు. అందుకే వాడు రెండు చేతులతో కళ్లు మూసుకుని వేళ్ల సందుల్లోంచి చూస్తున్నాడు.

బంతి కుడి వైపు గోడ మీదుగా, అంచు దాటీ దాటనట్టు వెళ్లి పడింది. బేస్‌ల మీదున్న ఇద్దరితో కలిపి మూడు పరుగులు. చిన్నోడి కేకకి కునికిపాట్లు పడుతున్న నాన్న ఉలిక్కిపడి లేచారు, ప్లేటు ఎగిరింది, పులిహోర అంతా కార్పెట్ మీద. మా ఆవిడ తిట్టలేదు, తనూ గెంతుతోంది. ఆ తర్వాత ఇంకో పరుగు కూడా వచ్చి 4-2తో గెలిచాం. నాన్నకి ఆ ఆట నియమాలు సగం తెలియవు. అయినా ఆ రాత్రి చిన్నోడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని రీప్లే పదిసార్లు చూశారు.

ఆ నెలంతా అలోన్సో ఒక చిన్న గుమ్మడికాయని వెంట తిప్పుకునేవాడు, జట్టుకి కలిసొస్తుందని. అది నాన్నకి ఎంత నచ్చిందో! "వీళ్లకీ దిష్టి సంగతి తెలుసన్నమాట" అనేవారు. చిన్నోడు కూడా ఒక గుమ్మడికాయ కొనిపించుకుని టీవీ కింద పెట్టాడు. తర్వాతి రౌండ్లో ఫిలడెల్ఫియా మీద గెలిచాం, ఆ పైన లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ చేతిలో ఆరో మ్యాచ్‌లో ఓడి ఇంటికొచ్చాం. కాయ కుళ్లే దాకా వాడు దాన్ని తీయనివ్వలేదు.

ఇప్పుడు లెక్కల విషయానికొస్తాను. ఇక్కడ ఐపీఎల్‌లా వేలం ఉండదు. మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు నిండే దాకా ఆటగాడు జట్టు చేతిలోనే ఉంటాడు. మొదటి మూడేళ్లు దాదాపు కనీస జీతం. తర్వాతి మూడేళ్లు ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి తీర్పు) ద్వారా కాస్త పెరుగుతుంది. ఆ పైన ఫ్రీ ఏజెంట్, ఎవరితోనైనా మాట్లాడుకోవచ్చు. 2019లో అలోన్సో 53 హోమ్‌రన్లు కొట్టి, తొలి సీజన్ ఆటగాళ్లలో ఎవరూ కొట్టనన్ని కొట్టి రికార్డు సృష్టించాడు. ఆ ఏడాది అతను తీసుకున్నది కనీస జీతం. అంటే వయసులో ఉన్నప్పుడు చవగ్గా ఆడించుకోవడానికి నియమాలు ఒప్పుకుంటాయి, తీరా డబ్బివ్వాల్సిన రోజొచ్చేసరికి నీకు వయసైపోయింది అంటారు. పెద్ద కాంట్రాక్టులో చివరి రెండేళ్లు దండగని అందరూ అంటారు కదా, నన్నడిగితే అవి మొదటి మూడేళ్ల బాకీ తీర్చడం.

పోనీ డబ్బు లేదా? 2024 డిసెంబర్‌లో ఇదే జట్టు హువాన్ సోటోకి 15 ఏళ్లకి 76.5 కోట్ల డాలర్లు రాసిచ్చింది. సోటో గొప్ప ఆటగాడు, అందులో సందేహం లేదు. కానీ అతను మా దగ్గర అప్పటికి ఒక్క బంతి ఆడలేదు. అదే చలికాలంలో అలోన్సోని ఫిబ్రవరి దాకా కూర్చోబెట్టి రెండేళ్లకి 5.4 కోట్లు ఇచ్చారు, కావాలంటే ఏడాది తర్వాత బయటికి వెళ్లొచ్చనే షరతుతో. అతను సంతకం చేసి 162 మ్యాచ్‌లకి 162 ఆడాడు. 38 హోమ్‌రన్లు, 126 ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్‌తో జట్టుకి రాబట్టిన పరుగులు). ఆగస్టు 12న డారిల్ స్ట్రాబెర్రీ 252 హోమ్‌రన్ల రికార్డు దాటి మెట్స్ చరిత్రలోనే మొదటి స్థానానికి వెళ్లాడు. ఇంకేం చేయాలి ఒక మనిషి?

జట్టు మాత్రం జూన్ మధ్యలో అందరికంటే ముందుండి, తర్వాత జారిపోయి, 83-79తో ఆఖరి రోజు మయామీలో ఓడి ప్లేఆఫ్స్ పోగొట్టుకుంది. కోపం ఎక్కడో చూపించాలి కాబట్టి చలికాలం అంతా ఊడ్చేశారు. నవంబర్‌లో నిమోని టెక్సస్ జట్టుకి పంపి, బదులుగా సెమియన్ అనే ఆటగాణ్ణి తెచ్చారు. నిమోని వయోమింగ్ నుంచి 2011లో తీసుకుని పెంచింది మెట్సే. డిసెంబర్ 9న క్లోజర్ ఎడ్విన్ డియాజ్ మూడేళ్లకి 6.9 కోట్లకి డాడ్జర్స్‌కి వెళ్లిపోయాడు. మర్నాడు అలోన్సో. తర్వాత ఇంకో పాత ఆటగాడు మెక్‌నీల్. ఫస్ట్ బేస్‌కని హోర్హే పొలాంకోని రెండేళ్లకి 4 కోట్లకి తెచ్చారు, అతనికి ఆ చోట ఆడిన అలవాటు దాదాపు లేదు. ఇక క్లోజర్ కోసం అంతకు ముందే ఎవరిని తెచ్చారో తెలుసా? డెవిన్ విలియమ్స్‌ని, మూడేళ్లకి.

ఒక్కసారి ఆ రాత్రి గుర్తు చేసుకోండి. ఆ బంతి వేసినవాడు ఇప్పుడు మా జట్టు. దాన్ని గోడ దాటించినవాడు మా జట్టు కాదు. అతని ముందు సింగిల్ కొట్టినవాడు కూడా కాదు.

వార్త వచ్చింది బుధవారం. చిన్నోడు స్కూల్ బస్సు దిగేసరికే వాడికి తెలిసిపోయింది, ఫ్రెండ్స్ చెప్పారట. బ్యాగు నెమ్మదిగా కుర్చీలో పెట్టి, బూట్లు విప్పకుండానే నిలబడి ఒక్కటే అడిగాడు. "నాన్నా, వీళ్లు అసలు ఉండమని అడిగారా?" వాడికి పదకొండేళ్లు. లగ్జరీ ట్యాక్స్ గురించి చెప్పాను. జీతాల మొత్తం ఎక్కువగా ఉండటం వల్ల మెట్స్ పరిమితికి పైన పెట్టే ప్రతి డాలరుకి ఒక డాలరూ పది సెంట్లు పన్ను కట్టాలని చెప్పాను. వాడు అంతా విని, "అడగలేదన్నమాట" అని పైకి వెళ్లిపోయాడు. నాకు అప్పుడు ఏం చెప్పాలో తోచలేదు, ఇప్పటికీ తోచదు.

రాత్రి నాన్నకి ఫోన్ చేస్తే, అక్కడ పొద్దున, ఆయన ఒక్క మాట అన్నారు. "వార్నర్‌ని చేసినట్టే చేశారా?"

హైదరాబాద్‌వాళ్లకి ఇంతకంటే వివరం అక్కర్లేదు. 2016లో సన్‌రైజర్స్‌కి కప్పు తెచ్చిన కెప్టెన్, 2015లో, 2017లో, 2019లో మూడుసార్లు ఆరెంజ్ క్యాప్. తెలుగు పాటలకి ఇంటిల్లిపాదితో డాన్సు చేసి వీడియోలు పెట్టిన మనిషి. 2021లో ఒక్క సీజన్ సరిగ్గా సాగలేదని మధ్యలో కెప్టెన్సీ తీసేశారు, తర్వాత జట్టులోంచి తప్పించారు, అతను స్టాండ్స్‌లో కూర్చుని సన్‌రైజర్స్ జెండా ఊపాడు. ఆ నవంబర్‌లో రిటెన్షన్ లిస్టులో అతని పేరు లేదు. రషీద్ ఖాన్ కూడా అప్పుడే పోయాడు. మా నాన్న ఉప్పల్ స్టేడియానికి నడిచి వెళ్లగలిగే దూరంలో ఉంటారు. 2022 నుంచి రెండేళ్లు మ్యాచ్ ఉన్న రోజున కూడా టీవీ పెట్టలేదు. జట్టు తర్వాత 2024లో ఫైనల్ దాకా వెళ్లింది, నిజమే. పోయిన ఇష్టం మాత్రం ఆయనకి మొత్తంగా తిరిగి రాలేదు. ఇది ఏ లెక్కల షీట్లో ఎక్కుతుంది?

మా ఆఫీసులో తెలుగువాళ్లు పది మందిమి ఉన్నాం. అందులో బేస్‌బాల్ చూసేది ఇద్దరం.   ఆ రెండోవాడు లెక్కల మనిషి. అలోన్సో తానే కాంట్రాక్ట్ వదులుకుని బయటికొచ్చాడు కదా, జట్టుని ఎందుకంటావు అంటాడు. మిగిలిన ఏడాదికి 2.4 కోట్లు వదులుకున్నది నిజమే. అంతకుముందు చలికాలం ఎవరూ ఎక్కువేళ్లు ఇవ్వనందుకే కదా ఆ షరతుతో సంతకం చేసింది? అతను అడిగింది ఏళ్లు. భార్యా బిడ్డా ఉన్నవాడు ఐదేళ్లు ఒక ఊళ్లో ఉంటానని అడిగితే అది అత్యాశ ఎలా అవుతుంది?

పైగా ఈ జట్టుకి ఇది అలవాటు. నేను ఇక్కడికొచ్చాక మొదట పట్టుదలగా చూసింది 2015 సీజన్. డేనియల్ మర్ఫీ వరసగా ఆరు ప్లేఆఫ్ మ్యాచ్‌లలో హోమ్‌రన్ కొట్టి జట్టుని వరల్డ్ సిరీస్‌కి తీసుకెళ్లాడు. ఆ చలికాలమే పోనిచ్చారు. వాషింగ్టన్ జట్టు మూడేళ్లకి 3.75 కోట్లకి తీసుకుంది, మర్నాటి ఏడాది అతను .347 సగటుతో (వెయ్యికి 347 హిట్ల లెక్కన) ఆడాడు, మా మీద మరీ బాదాడు. అంతకు ముందు 2013 డిసెంబర్‌లో జస్టిన్ టర్నర్‌కి కాంట్రాక్ట్ ఇవ్వకుండా వదిలేస్తే డాడ్జర్స్‌లో పెద్ద స్టార్ అయ్యాడు. మా ఆఫీసులో క్వీన్స్‌లో పుట్టిన ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన్ని కదిపితే మెట్స్ దిగ్గజ పిచర్ (బంతి వేసేవాడు) టామ్ సీవర్ కథ చెప్తారు. 1984 జనవరిలో మెట్స్ తమ దగ్గర ఉంచుకోవాల్సినవాళ్ల లిస్టులో సీవర్ పేరు రాయలేదు, ముసలివాణ్ణి ఎవరు తీసుకుంటారులే అనుకుని. చికాగో వైట్ సాక్స్ జట్టు వచ్చి పట్టుకుపోయింది. 1985 ఆగస్టు 4న అతను తన 300వ గెలుపు సాధించింది న్యూయార్క్‌లోనే, యాంకీ స్టేడియంలో, చికాగో జెర్సీ వేసుకుని. నలభై ఏళ్లు దాటినా ఆ పెద్దాయన దాన్ని చెప్పేటప్పుడు గొంతు మారుతుంది. ఇలా వదిలేసిన ఈ మూడుసార్లూ ఈ జట్టు నష్టపోయిందని నేను ఖాయంగా చెప్తాను.

ఖర్చు భరించేది ఎవరు అనేది కూడా చూడాలి. పిల్లాడు ముచ్చటపడితే కొన్న అలోన్సో జెర్సీకి వంద డాలర్లు పైనే.   మన ఊరి జట్టు ఆట మన ఇంట్లో చూడటానికి విడిగా చందా. టికెట్ ధర ఒకటి, కట్టేది ఇంకొకటి, మధ్యలో ఫీజులు. ఇవన్నీ కట్టేది ఒక మనిషి మీద ఇష్టంతో. ఆ మనిషి పోయిన రోజు జెర్సీ మాత్రం వెనక్కి తీసుకోరు.

ఆ జెర్సీ మీద 20 ఉంటుంది. బాల్టిమోర్‌లో ఆ నంబరు పాత తరం ఆటగాడు ఫ్రాంక్ రాబిన్సన్ గౌరవార్థం ఎప్పుడో రిటైర్ చేశారు, అక్కడ ఇంకెవరూ వేసుకోరు. అంటే అలోన్సోతో పాటు అతని నంబరు కూడా అటు వెళ్లలేదు. ఈ సంగతి చెప్తే చిన్నోడు చాలాసేపు ఆలోచించి, అయితే 20 మనదేగా అన్నాడు. ఎండాకాలం సెలవుల్లో మా ఎడిసన్ నుంచి బాల్టిమోర్‌కి మూడు గంటల లోపు డ్రైవు. ఓరియోల్స్ స్టేడియం క్యామ్‌డెన్ యార్డ్స్‌లో ఫస్ట్ బేస్ వైపు సీట్లు కావాలని ఇప్పటి నుంచే పోరు పెడుతున్నాడు, మెట్స్ జెర్సీయే వేసుకుని వస్తాడట. నాన్న కూడా మే నెలలో వస్తున్నారు. ఆయనకీ ఒక టికెట్ తీస్తున్నాను.