గట్టెక్కే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి సుజాతకు, పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "అక్కా, నీ శిష్యురాలిని రిసోర్స్ పర్సన్‌గా, అదే ఆర్పీగా వేశారు, 60 మంది టీచర్లకి పర్యావరణ పాఠాల ట్రైనింగ్ ఇస్తుందట" అంది. పక్కింటావిడని పిలిచి మరీ చెప్పుకున్నాను. నీ చిన్నప్పుడు మా పెరట్లో గొంగళిపురుగుని అగ్గిపెట్టెలో పెట్టి, అందులో అన్నం మెతుకులు వేసి, అది తినట్లేదని ఏడ్చావు, గుర్తుందా? ఆ పిల్ల ఇవాళ టీచర్లకి పాఠం చెప్తుందట.

సంతోషం అక్కడితో ఆగితే బాగుండేది. ఫోన్ పెట్టేసే ముందు మీ అమ్మ, "జనవరిలో రెండు బస్సులు మాట్లాడి అందరినీ ఒకేరోజు కొల్లేటి దగ్గర పక్షులుండే ఆటపాక తీసుకెళ్తుందట" అంది. అంతే, రెండింటిదాకా నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే నువ్వు "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అంటూ ఇంకో పని చేసుకుంటావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

టోపీలు, మంచినీళ్లు, ఓఆర్ఎస్ పొట్లాలు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా, ఫారెస్టువాళ్ల అనుమతి - ఇవి నీకు చెప్పక్కర్లేదు. మీ మాడ్యూల్లో ఎవరూ రాయనిది ఒకటుంది, బాత్రూం. మా రోజుల్లో ఫీల్డుకి వెళ్లాలంటే ఆడ టీచర్లం పొద్దుట్నుంచీ నీళ్లు తాగేవాళ్లం కాదు. పదకొండయ్యేసరికి తలనొప్పి. ఆ తలనొప్పితో ఏ పిట్టని చూస్తాం, ఏ మొక్కని చూస్తాం? స్థలం ఎంచుకునేటప్పుడు ముందు అది చూడు, తర్వాతే పక్షులు.

ఇక నన్ను పడుకోనివ్వని సంగతి. నీకే కాదు, మీ పెదనాన్నకి కూడా నేను పూర్తిగా చెప్పలేదు.

1993 జనవరి. ఏపీపీఈపీ, అదే ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు ట్రైనింగులు జోరుగా నడుస్తున్న రోజులు. ఆ ప్రాజెక్టుకి ఆరు బోధనా సూత్రాలుండేవి, అందులో ఒకటి స్థానిక పరిసరాలను వాడుకోవడం. మేం ఆ సూత్రాన్ని అందంగా చార్టు మీద రాసి, గోడకి అంటించి, ఆ గోడకి ఎదురుగా కూర్చుని నోట్స్ రాసుకునేవాళ్లం. నాకు ఒళ్లు మండింది. నేను ఆర్పీనయ్యాక టీచర్లని బయటికి తీసుకెళ్తానని పట్టుబట్టాను. 40 మంది. ఒక ప్రైవేటు బస్సు, ఒక బ్యానరు, పులిహోర పొట్లాలు. మాకు దగ్గర్లో ఒక ఊరి చెరువులో తుమ్మచెట్ల మీద నత్తగుల్ల కొంగలు, తెల్లకొంగలు, చింతవొక్కులు గూళ్లు పెడతాయని విన్నాను. విన్నాను అంతే, ముందుగా వెళ్లి చూసిరాలేదు. ఎవరినీ అడగలేదు. తేదీ కూడా నేను పెట్టింది కాదు, డబ్బులు మార్చిలోపు ఖర్చయిపోవాలని పైవాళ్లు పెట్టింది.

గట్టు మీదికి వెళ్లేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. కొంగలు గూళ్ల మీద కదలకుండా నిలబడి ఉన్నాయి, రెక్కలు కాస్త విప్పి. అవి కింద పిల్లలకి నీడ పడుతున్నాయని నాకు తెలియాలి. బయాలజీ టీచర్ని కదా. ఆ నిమిషంలో నా బుర్రలో ఉన్నది ఒక్కటే, నత్తగుల్ల కొంగ ఎగిరితే రెక్కల తెలుపు, అంచుల నలుపు ఎంత బాగా కనిపిస్తాయో వీళ్లకి చూపించాలి. వెనకవాళ్లకి ఏమీ కనబడట్లేదని గోల.

చప్పట్లు కొట్టాను.

నేనే కొట్టాను సుజాతా, ఈ చేతుల్తోనే. మొత్తం చెరువు లేచింది. 40 మంది ఒక్కసారిగా "అబ్బ!" అన్నారు. ఒకాయన ఫోటో తీశాడు. ఆ ఫోటో రిపోర్టులో అట్ట మీదికి కూడా ఎక్కింది. ఆ తర్వాత కాకులొచ్చాయి. ఎక్కడుంటాయో అన్ని కాకులు! పెద్ద పక్షులు పైన చక్కర్లు కొడుతుంటే ఇవి గూళ్లలోకి దిగాయి. ఒకటి గుడ్డు ముక్కున పెట్టుకుని మా తలల మీంచే పోయింది. ఒక గూటి అంచుకి జరిగిన పిల్ల నీళ్లలో పడింది. ఎవరో కిసుక్కున నవ్వారు, ఇంకెవరో "అయ్యో" అన్నారు. నాకైతే నోట్లో తడి ఆరిపోయింది.

ఊర్లోంచి ఒక ముసలాయన చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చాడు. ఆ రెట్టలు కలిసిన నీళ్లే వాళ్ల వరికి బలమని, ఆ చెట్ల దగ్గర దీపావళికి కూడా టపాకాయ కాల్చరని తర్వాత తెలిసింది. ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. రొప్పుతూ, "టీచరమ్మగారూ, మీ క్లాసులో పిల్లలున్నప్పుడు నేనొచ్చి తలుపు బాదితే మీరూరుకుంటారా అమ్మా?" అన్నాడు. బస్సు దాకా తల ఎత్తలేదు నేను.

అది కూడా అసలు తప్పు కాదు. అసలు తప్పు ఆ రాత్రి బయటపడింది. లెసన్ ప్లాన్లు దిద్దడానికి కూర్చున్నాను. మొదటిది చూశాను: "సోపానం 3. ఉపాధ్యాయుడు చప్పట్లు కొట్టి పక్షులను ఎగురవేసి విద్యార్థులకు చూపవలెను." రెండోది కూడా అంతే. ఒకావిడ ఇంకాస్త ముందుకెళ్లి, "అవసరమైన బోధనోపకరణాలు: కంచం, గరిటె" అని రాసింది. 40 మందిలో 26 మంది రాశారు. నేను రెండు గంటలు ఆహారపు గొలుసు గురించి చెప్పాను, నత్తల గురించి చెప్పాను, అవేవీ సోపానాల్లో లేవు. చప్పట్లున్నాయి.

మర్నాడు క్లాసులో చెప్పాను, తప్పు నాదేనని. కొందరు రాసుకోవడం ఆపేశారు, అది పరీక్షకి రాదనుకున్నారేమో. ఇళ్లకెళ్లాక 40 మందికీ కార్డులు రాశాను. 11 జవాబులొచ్చాయి. ఒకాయన, "మేడమ్ గారూ, మా ఊర్లో కొంగలే లేవు, మీరు కంగారు పడొద్దు" అని రాశాడు. అది చదివి నవ్వాను, ఏడ్చాను కూడా. మిగతా 29 మంది సంగతి ఇప్పటికీ తెలియదు.

అర్థమైందా నా భయం? టీచరు నువ్వు చెప్పింది చెప్పదు, నువ్వు చేసింది చేస్తుంది. నువ్వు ఆకు తెంపితే 60 బళ్లలో పిల్లలు ఆకులు తెంపుతారు. నువ్వు తూనీగని రెక్కలు పట్టుకుని చూపిస్తే అంతే. నువ్వు ఊరివాణ్ని "ఏం బాబూ" అని పిలిస్తే వాళ్లూ అలాగే పిలుస్తారు.

జనవరి అంటే ఆటపాకలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్ల మీద ఉండే కాలం. 60 మందిని ఒక్కసారి దింపకు. వెళ్లాల్సే వస్తే పది మంది చొప్పున, ఎండ ముదరకముందు, దూరంగా నిలబడి, బైనాక్యులర్స్ ఒకరి తర్వాత ఒకరికి ఇచ్చి చూపించు. మైకు వద్దు. ముదురు రంగు చీరలైతే మరీ మంచిది, నవ్వకు. దానికి ముందు నువ్వు ఒక్కదానివే రెండుసార్లు వెళ్లిరా, అక్కడ రోజూ తిరిగే మనిషితో. తేదీ ఆఫీసువాళ్లు పెడితే, పక్షుల సంగతి చెప్పి మార్చమని అడుగు. మార్చకపోతే స్థలం మార్చు. నాకు ఆ ధైర్యం లేకపోయింది.

అసలు ఆటపాకే ఎందుకమ్మా? చింతలపూడి మెట్ట నుంచి వచ్చే టీచరు వెనక్కి వెళ్లి ఏం చేస్తుంది? "మనకి కొల్లేరు లేదు కదా" అని మళ్లీ పుస్తకం తీస్తుంది. 45 నిమిషాల పీరియడ్లో నడిచి వెళ్లి రాగలిగేదే ఆవిడకి ఫీల్డు. బోరింగు దగ్గర మురుగు, ప్రహరీ గోడ పగుళ్లు, వేపచెట్టు. నూజివీడు వైపు బడికి తోట చాలు. జనవరిలో పూత మీద వాలేవాటిని లెక్కపెట్టమను, తేనెటీగల కోసం చూసినవాళ్లకి ఈగలు కనిపిస్తాయి. మామిడికి పుప్పొడి మోసేది ఎక్కువగా అవేనని అప్పుడు చెప్పు, ముందు కాదు. ఆకులు కుట్టి గూడు కట్టుకునే ఎర్ర చీమల్ని మాత్రం దూరం నుంచే.

నాకు బాగా పనికొచ్చింది ఒక టీ జల్లెడ, ఒక తెల్ల పళ్లెం. పంటకాలువ అడుగు బురద కొంచెం, ఊరి మురుగు కాలువ బురద కొంచెం, విడివిడిగా కడిగి పళ్లెంలో పోయించు. మురుగులో సన్నగా ఎర్రగా మెలికలు తిరిగే పురుగులుంటాయి. టీచర్లు ఛీ అంటారు, అననీ. రక్తంలా ఎరుపెందుకు అని ఎవరో ఒకరు అడిగేదాకా నువ్వు నోరు విప్పకు. మన రక్తంలో ఉన్న హిమోగ్లోబిన్ వాటిలోనూ ఉంది, గాలి అందని నీళ్లలో దాంతోనే నెట్టుకొస్తాయి. దోమల్లా కనిపించే కుట్టని పురుగుల పిల్లలవి. రెండు పళ్లేలు పక్కపక్కన పెట్టి చూస్తే నీటి కాలుష్యం గురించి నువ్వు లెక్చరు ఇవ్వక్కర్లేదు. చేతులు సబ్బుతో కడిగించు, పులిహోర ఆ తర్వాతే. చూసిన బురద చూసినచోటే పోయించు.

చెట్టుని వారానికోసారి చూసి చిగురు, పూత, కాయ రాసుకునే సీజన్‌వాచ్ గురించి నువ్వే నాకు చెప్పావు కదా, అది పెట్టు. ఖర్చు లేదు, బస్సు లేదు, ఎవరికీ హాని లేదు.

ఇంకొకటి, మెల్లగా చెప్పాల్సింది. మీ టీచర్లలో కొల్లేటి ఊళ్లవాళ్లు ఉంటారు. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద ప్రపంచానికే ముఖ్యమైన చిత్తడినేల అన్నారు, 2006లో పొక్లెయిన్లు తెచ్చి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. నీకు అవి స్లైడు మీద మూడు సంవత్సరాలు. వాళ్లలో కొందరికి అన్నంకంచం. ఐదో కాంటూరు, అదే అభయారణ్యానికి హద్దుగా పెట్టిన ఎత్తు గీత, అన్నావంటే గదిలో సగం మంది మొహాలు మాడిపోతాయి. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు కొల్లేట్లోకి వచ్చి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోయే దారిని వాళ్లచేతే నేలమీద ముగ్గుపిండితో గీయించు. ఎక్కడ గట్టు వేస్తే ఎవరింట్లోకి నీళ్లొస్తాయో వాళ్లకి తెలిసినంత మనకి తెలియదు. నువ్వు మంచీ చెడూ తీర్పు చెప్పబోకు. నీకు ఆ తొందర ఎక్కువ, చిన్నప్పట్నుంచీ.

పర్యావరణం బళ్లో చెప్పితీరాలని సుప్రీంకోర్టు 1991లోనే అంది. అయినా పిల్లలు ఇంకా బెంచీల మీదే కూర్చుని "పరిసరాలు అనగానేమి" అని రాస్తున్నారు. అందుకే నువ్వు పూనుకున్నందుకు నాకు గర్వంగానే ఉంది, ఈ ఉత్తరం చూస్తే అలా అనిపించకపోయినా. టెన్షన్ పడకు. రాత్రుళ్లు మేలుకుని పవర్ పాయింట్లు చేసుకుంటూ కూర్చోకు, కళ్లకింద నలుపు వస్తే మీ అత్తగారు నన్నంటారు.

మోకాళ్లు సహకరించవు గానీ లేకపోతే నేనూ బస్సెక్కేదాన్ని. ఒక్క పని చేసిపెట్టు. ట్రైనింగ్ చివరి రోజు వాళ్లచేత లెసన్ ప్లాన్లు రాయిస్తావు కదా, వాటిని తిరిగిచ్చే ముందు ఒక రాత్రికి నా దగ్గరికి పంపు. 60 అయినా పర్వాలేదు. సోపానం 3 దగ్గర ఏం రాశారో నేను చూసుకోవాలి. ఎర్ర పెన్ను ఇంకా దాచుకునే ఉన్నాను.

మీ అమ్మతో మాగాయ పంపాను. జాడీ తిరిగి ఇచ్చేయ్.

ప్రేమతో,
పెద్దమ్మ