బసవనగుడిలో ఒక సాయంత్రం

ప్రశ్న: ఉద్యోగరీత్యా బెంగళూరులో స్థిరపడ్డాము. ఊరి నుంచి వస్తున్న అమ్మానాన్నలకు మాల్‌లు కాకుండా, తినడానికీ, కొనడానికీ, కాలక్షేపానికీ అనువైన పాతపేట ఏదైనా చూపించాలని ఉంది. ఎక్కడికి తీసుకువెళ్లమంటారు?

జవాబు: తప్పక బసవనగుడికి తీసుకువెళ్లండి. 1943లో మొదలైన విద్యార్థి భవన్ అనే హోటల్‌లో, దోసె పళ్లేలను చేతి మీద దొంతరగా పేర్చుకుని వచ్చే వడ్డనవారిని చూడటమే ఒక ముచ్చట; పైన కరకరలాడుతూ, లోపల మెత్తగా, నేతి వాసనతో ఉండే ఆ మసాలా దోసె కోసం కొంతసేపు వేచి ఉండవలసి రావచ్చు కనుక, పెద్దవారి కోసం కుర్చీ అడగడానికి మొహమాటపడకండి. ఆ హోటల్ ఉన్న గాంధీ బజారులోనే అమ్మగారికి రెండు మూరల మల్లెలు కొని, పెద్ద నంది విగ్రహం ఉన్న దొడ్డ బసవన్న గుడికి నెమ్మదిగా నడిపించండి. కార్తిక మాసం చివరి సోమవారానికి వస్తే, ఆ గుడి వీధి పొడవునా వేరుశనగ రాశులు పోసే కడలెకాయి పరిషె (వేరుశనగ జాతర) కూడా చూడవచ్చు.