ఎమ్మెస్సీ మ్యాథ్స్ నుంచి డేటా సైన్స్‌కు: లక్షన్నర కట్టే ముందు

ప్రశ్న: మా అమ్మాయి హనుమకొండలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ ఫైనలియర్. డేటా సైన్స్‌లోకి వెళ్తానంటోంది. హైదరాబాద్‌లో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు ఆరు నెలల కోర్సుకు లక్షన్నర అడుగుతున్నారు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. చుట్టాలేమో బీఈడీ చేయించమంటున్నారు. ఏం చేయాలి?
– ఒక తండ్రి, నర్సంపేట

జవాబు: ఇప్పుడే డబ్బు కట్టకండి. ఉద్యోగం రాకపోతే ఫీజు ఎన్నాళ్లలో వాపసిస్తారో కాగితం మీద రాసిమ్మని అడగండి. రాసివ్వకపోతే అక్కడికే వదిలేయండి.

మీ అమ్మాయి చదువు వృథా కాలేదండీ. డేటా సైన్స్‌లో పీసీఏ అనే పద్ధతి ఒకటుంది, బోలెడన్ని కాలమ్‌ల డేటాను ముఖ్యమైన కొన్నిటికి కుదించడానికి. దాని గుండెకాయ కోవేరియన్స్ మాట్రిక్స్‌కు ఐగెన్ వెక్టర్లు కనుక్కోవడమే. మోడల్‌ను, అంటే డేటా చూసి అంచనా వేసే ఫార్ములాను, ట్రెయిన్ చేయడమంటే, చాలావరకు, డెరివేటివ్‌ల సాయంతో తప్పును కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ పోవడం. ఈ లెక్కలు ఆమెకు కొత్త కావు. టోపాలజీ, మెజర్ థియరీ మాత్రం మొదటి ఉద్యోగంలో పెద్దగా అక్కరకు రావు.

ఆమెకు లోటుండేది స్టాటిస్టిక్స్‌లో. సిద్ధాంతం నిరూపించడం వచ్చినంత మాత్రాన, చేతిలోని కొద్దిపాటి శాంపిల్‌ను ఎంతవరకు నమ్మొచ్చో చెప్పడం రాదు. మన స్టాటిస్టిక్స్ దిగ్గజం సి.ఆర్.రావు గారు కూడా ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్‌లో ఎంఏ చేశాకే కలకత్తా వెళ్లి స్టాటిస్టిక్స్ పట్టుకున్నారు. 1945లో ఆయన రాసిన పేపర్‌లోని ఫలితాలను ఇప్పటికీ క్లాసుల్లో చెబుతున్నారు. కాబట్టి ముందు ప్రాబబిలిటీ, రిగ్రెషన్, హైపోథసిస్ టెస్టింగ్. వాటితోపాటే ప్రోగ్రామింగ్‌కు పైథాన్, డేటాబేస్‌ల నుంచి డేటా తీయడానికి ఎస్‌క్యూఎల్. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ఈ పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్ష రాస్తేనే ఫీజు.

అన్నిటికంటే ముఖ్యం, సొంతంగా ఒక ప్రాజెక్టు. మీది నర్సంపేట కదా, మిర్చినే తీసుకోమనండి. కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ సైట్‌లో మార్కెట్ ధరలు కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ (ఎక్కువ సరుకు అమ్ముడైన ధర) అని క్వింటాల్ లెక్కన ఉంటాయి. వరంగల్ ఏనుమాముల మార్కెట్ ధరలు రెండు మూడేళ్లవి దించుకోవాలి. దించగానే చిక్కులు మొదలవుతాయి. సెలవు రోజున ధర ఉండదు. ఆ ఖాళీని సున్నా అనుకుంటే సగటు కుప్పకూలుతుంది. తేజ, చపాటా మిర్చి రకాల ధరలు కలిపేసి సగటు తీస్తే ఆ అంకె ఏ రైతుకూ పనికిరాదు. చపాటా వేరు, తేజ వేరు అని మీ ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు, కంప్యూటర్‌కు మాత్రం తెలియదు. ఈ ఉద్యోగంలో ఎక్కువ టైం పట్టేది ఇలాంటి శుభ్రం చేసే పనికే. ఏ ఖాళీని ఎందుకు వదిలేసిందో, ఏది ఎందుకు నింపిందో రాసి, ప్రాజెక్టులు అందరికీ కనిపించేలా పెట్టుకునే గిట్‌హబ్ సైట్‌లో పెడితే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి సొంత సరుకు ఉంటుంది. నేర్చుకునేవాళ్లందరూ చేసే టైటానిక్ ఓడ ప్రయాణికుల డేటాతో ఆ బలం రాదు.

మొదటి ఉద్యోగం డేటా సైంటిస్టుగానే రావాలని పట్టుబట్టొద్దు. డేటా అనలిస్ట్‌గా చేరినా దారి అదే. ఇంకా చదివించగలిగితే, ఎంటెక్ లాంటి కోర్సుల ప్రవేశ పరీక్ష గేట్‌లో 2024 నుంచి డేటా సైన్స్, ఏఐకి విడిగా పేపర్ ఉంది. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, కాలిక్యులస్ అందులో ఉన్నాయి కనుక ఆమెకు కలిసొస్తుంది.

బీఈడీ చెడ్డదేం కాదు, కానీ చుట్టాల కోసం చేయించకండి. పాఠం చెప్పడం ఆమెకు ఇష్టమా, కంప్యూటర్ ముందు గంటలు గంటలు కూర్చోవడం ఇష్టమా, అడిగి చూడండి. రెండూ కాదు, థియరమ్‌లే ఇష్టమంటే సీఎస్ఐఆర్ నెట్‌లో మ్యాథమెటికల్ సైన్సెస్ పేపర్ రాయించండి. అందులో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు నెలనెలా ఫెలోషిప్ వస్తుంది, మీ మీద భారం పడదు.