పగలు ఉద్యోగం, రాత్రి గేమ్ రాతలు: పరిచయం మెయిల్ ఎలా రాయాలంటే

బిడ్డా,

గేమ్ స్టూడియోలకు పంపుదామని నువ్వు రాసిన పరిచయం మెయిల్ చదివాను. మూడు పేరాలు దాటితే గానీ నువ్వు రైటర్‌వని తెలియలేదు. మొదటి పేరా అంతా చిన్నప్పటి నుంచి గేమ్స్ అంటే ఎంత పిచ్చో, రెండోది బీటెక్ సంగతి, మూడోదాంట్లో మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం చేస్తున్నందుకు ఏదో నేరం చేసినట్టు సంజాయిషీ. గేమ్స్ పిచ్చి లేనివాళ్లెవరూ స్టూడియోలకు మెయిల్ పెట్టరు కదా, అది చెప్పి ఏం లాభం?

అవతలివాళ్లకు కావాల్సింది మూడే: ఏం రాస్తావు, ఎక్కడ చూడొచ్చు, ఎప్పుడు ఇవ్వగలవు. ఉద్యోగం సంగతి ఆ మూడోదాంట్లోకి వస్తుంది, అదీ అర వాక్యం. ఇలా రాసి చూడు (బ్రాంచింగ్ డైలాగులంటే ఆడేవాడి ఎంపికను బట్టి మారే మాటలు, క్వెస్ట్ టెక్స్ట్ అంటే ఆటలో అప్పగించే పనుల గురించిన రాత):

"గేమ్స్‌కి బ్రాంచింగ్ డైలాగులు, క్వెస్ట్ టెక్స్ట్ రాస్తాను, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ. ఉండేది వరంగల్. పగలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, రాతకు వారానికి పది గంటలు పెట్టగలను, మెయిల్‌కు అదే రోజు రాత్రి జవాబిస్తాను. ఈ లింకులో ఎనిమిది నిమిషాల్లో ఆడగలిగే శాంపిల్ ఉంది."

ఇంతే. ఉద్యోగం దాచావనుకో, వాళ్లు మంగళవారం పొద్దున పదకొండింటికి మీటింగ్ పెడతారు, నువ్వు బాత్రూంలోకి వెళ్లి గుసగుసగా మాట్లాడాలి. అలాగని "ఊరికే ఖాళీ టైంలో రాస్తుంటాను" అన్నావా, డబ్బు మాట వచ్చేసరికి వాళ్లూ ఊరికే రాయమంటారు. నేను పగలంతా ఆస్పత్రి అకౌంట్స్ చూసి రాత్రి డైలాగులు రాసేదాన్నే, ఆ విషయం మొదటి మెయిల్లోనే చెప్పేస్తాను. ఎంత టైం ఉందో ముందే తెలిస్తే దానికి సరిపడా పనే ఇస్తారు.

పైగా టెస్టింగ్ నీకు కలిసొచ్చే విషయం, నువ్వేమో దాన్ని మరకలా తుడిచేస్తున్నావు. గేమ్ డైలాగులు చాలాచోట్ల స్ప్రెడ్‌షీట్లలో ఉంటాయి, ప్రతి లైనుకు ఒక ఐడీ, కొన్నిటికి ఇన్ని అక్షరాలకు మించొద్దని లిమిట్. బిల్డ్ అంటే తయారవుతున్న గేమ్ కాపీ నడిపి, తప్పు లైను ఎక్కడ పలికిందో బగ్ రిపోర్ట్ రాయగలిగే రైటర్ దొరికితే వద్దనేవాళ్లుండరు. ఆ ఒక్క ముక్క మెయిల్లో పెట్టు.

ఇప్పుడు శాంపిల్. నలభై పేజీల కథ పీడీఎఫ్ పంపొద్దు, తెరవరు. కథను ఆటలా అల్లే ట్వైన్ అనే సాఫ్ట్‌వేర్ 2009 నుంచీ ఉచితంగానే ఉంది, కోడింగ్ రాకపోయినా అందులో కథకు కొమ్మలు వేయొచ్చు. ఇంకా కొంచెం ఓపిక ఉంటే ఇంకిల్ అనే గేమ్ స్టూడియో వాళ్ల ఇంక్ అనే స్క్రిప్టు భాష నేర్చుకో, 2016లో ఓపెన్ సోర్స్ చేశారు, గేమ్స్ తయారుచేసే యూనిటీ ఇంజిన్‌లోకి తేలిగ్గా ఎక్కుతుంది. విషయం చిన్నది తీసుకో. కాజీపేట జంక్షన్‌లో చాయ్ అమ్మేవాడు ఉన్నాడనుకో: బండి టైంకు వచ్చిన రోజు ఒక మాట, రెండు గంటలు లేటైతే ఇంకో మాట, ఆడేవాడు ఇంతకుముందే చాయ్ కొని చిల్లర ఎగ్గొట్టి ఉంటే మూడో మాట. ఒకే మనిషి, ఒకే గొంతు, పరిస్థితిని బట్టి మారాలి, పదోసారి విన్నా విసుగు రాకూడదు. ఈ పని వచ్చా రాదా అనేదే వాళ్లు చూస్తారు. దయచేసి కాకతీయ తోరణం ముందు రుద్రమదేవి కత్తి తిప్పే సీను మాత్రం వద్దు. వరంగల్ వాళ్లు అనగానే అందరూ అదే ఊహించుకుంటారు, నువ్వూ అదే పంపితే నీదంటూ ఏం కనబడుతుంది?

బయటి దేశం వాళ్లకు రాసేటప్పుడు మాట్లాడగలిగే టైం కూడా వేయి. మన రాత్రి ఏడంటే లండన్‌లో వేసవిలో మధ్యాహ్నం రెండున్నర, చలికాలంలో ఒకటిన్నర, ఇద్దరికీ వీలే. అమెరికా పడమటి తీరం వాళ్లకైతే మన పొద్దున ఏడు మేలు, అక్కడ ముందురోజు సాయంత్రం అవుతుంది. మేడారం జాతర వారం దొరకనని కూడా ముందే చెప్పు, నవ్వుకుంటే నవ్వుకుంటారు, డెడ్‌లైన్ మాత్రం అటు వేయరు.

మెయిల్ పంపే ముందు నీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదువు. బయట పని చేయొద్దనో, నువ్వు రాసేదంతా కంపెనీదేననో ఉంటే, హెచ్ఆర్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకో, నోటిమాట నమ్మకు. ఆఫీసు లాప్‌టాప్‌లో ఒక్క లైను కూడా రాయకు. వచ్చిన ఫీజును జీతంతో పాటు ఇన్‌కంట్యాక్స్ రిటర్న్‌లో చూపించాలి, అదొక్కటి మర్చిపోకు. ఇంకా విడుదల కాని గేమ్‌కు ఎన్‌డీఏ (వివరాలు బయటపెట్టనన్న ఒప్పందం) మీద పనిచేస్తుంటే దాని పేరు ఎవరికీ చెప్పకు, బంధువులకు కూడా. వాళ్లు పెళ్లిలో "ఇంకా గేమ్స్ ఆడుతున్నావా" అనే అడుగుతారు, అవునను, వాళ్లకు వివరించే ఓపికతో ఇంకో సీను రాసుకోవచ్చు.

రేటు మొదటి మెయిల్లో వేయకు. అడిగితే పదానికింత అనకుండా పనికింత అని చెప్పు, ఎన్నిసార్లు మార్పులు చేస్తావో కూడా అందులోనే రాయి. మళ్లీ రాసి ఆదివారంలోపు నాకు పంపు, "ప్యాషనేట్" అనే మాట ఉంటే చదవను.

మీ చిన్నమ్మ
హనుమకొండ